నిత్యరేఖాసాధన: ఫ్రెడెరిక్ బాక్ కదలుబొమ్మల కళ

విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రమహారాజు మార్కండేయ మహర్షి నాశ్రయించి ప్రతిమాలక్షణము బోధింపుమని కోరెను. చిత్రసూత్ర మెరుగనివానికి ప్రతిమాలక్షణము తెలియదనియు, నృత్తశాస్త్ర మెరుగనివానికి చిత్రసూత్రము బోధపడదనియు మహర్షి బదులు చెప్పెను. ఈ సంవాదమున మన పూర్వులు చిత్రమునకును చలనమునకును గల బాంధవ్యమును స్పష్టముగా గుర్తించిరి. గోడమీది బొమ్మ కదలదు. అయినను కదలిక నెరుగని చేయి యా బొమ్మను వ్రాయజాలదు. ఇరువదియవ శతాబ్దమున బొమ్మ నిజముగనే కదలసాగెను. అప్పుడొక క్రొత్త ప్రశ్న పుట్టినది. చిత్రకారుని చేయి చలనమును ఎక్కడ నేర్చుకొనవలయును? నేర్చిన పిదప, ఆ నేర్పు తెరమీదికి వచ్చునంతవరకు బ్రతికియుండునా?

ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా జూపిన కళాకారుడు ఫ్రెడెరిక్ బాక్. కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రమందలి మాంట్రియల్ నగరమున స్థిరపడి, కొలది చిత్రములు మాత్రమే నిర్మించి, లోకమెల్ల మన్ననలందిన యీ చిత్రకారుని కృషి తెలుగువారి పరిశీలనకు మిక్కిలి తగినది. ఆతని ప్రజలును పెద్ద దేశమున చిన్న భాషతో, తమ యింటి వస్తువులను, తమ పాటను, తమ మాటను కాపాడుకొనుచు బ్రతుకుచున్నవారే.

ముందుగా కదలుబొమ్మల కళ నిర్మాణక్రమమును కొంత తెలిసికొనుట యవసరము. తెరపై సెకనునకు 24 చట్రములు మారుచుండును. ఒక బొమ్మకును దాని తరువాతి బొమ్మకును గల స్వల్పభేదమును కన్ను చలనముగా గ్రహించును. అమెరికాలో వాల్ట్ డిస్నీ చిత్రశాల యీ కళను పెద్ద పరిశ్రమగా మార్చెను. ఆ శాలలో చిత్రలేఖన శిక్షణకు లోటు లేదు. 1932 నుండి డాన్ గ్రాహం అను నధ్యాపకుడు అచ్చటి చిత్రకారులకు సజీవమూర్తిని చూచి గీయుట నేర్పెను. 1942లో వెలువడిన 'బాంబి' చిత్రము కొరకు జింకపిల్లలను శాలకే తెప్పించి వాని నడకను, బెదరును, నిద్రను కాగితములపై నెక్కించిరి. అయితే ఆ కాగితము తెరకు చేరులోపల పెక్కు చేతులు మారవలసియుండెను. ప్రధాన చిత్రకారుడు పెన్సిలుతో గీసిన బొమ్మను సహాయకుడు శుభ్రపరచును. మరియొకరు దానిని పారదర్శకమైన సెల్లు పలకపై సిరాతో దిద్దుదురు. వేరొకరు వెనుకవైపున రంగు నింపుదురు. ప్రతి చేయియు నిపుణమైనదే. కాని చేయి మారినప్పుడెల్ల మొదటి గీతలోని తొట్రుపాటు, వేగము, సందేహము కొంచెము కొంచెముగా తొలగిపోవును. జీవము తరచుగా ఆ సందేహమునందే యుండును. 1961లో 'నూటొక్క డాల్మేషియన్లు' అను చిత్రమున పెన్సిలు గీతను యంత్రసాహాయ్యమున నేరుగా సెల్లుమీదికి దింపు పద్ధతిని వాడిరి. వ్యయము తగ్గించుటకు జేసిన యేర్పాటే యైనను, తమ గీత తమదిగా తెరపై కానవచ్చుట చిత్రకారులకు సంతోషకారణమయ్యెను. స్కెచ్చికిని చిత్రమునకును నడుమ నున్న యగాధ మెంతటిదో దీనివలన తెలియుచున్నది.

బాక్ ఆ యగాధమును యంత్రముతో పూడ్చలేదు. తన దినచర్యతో పూడ్చెను.

ఆతడు 1924వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన, నాడు నానాజాతి సమితి పాలనలోనున్న సార్ ప్రాంతమున, సార్‌బ్రూకెన్ చెంత జన్మించెను. ఫ్రాన్సు దేశమందలి రెన్ నగర కళాశాలలో మతురిన్ మెయో అను నాచార్యునికడ శిష్యరికము చేసెను. ఈ మెయో (1882–1958) బ్రిటనీ తీరమందలి జాలరులను, రైతులను, సముద్రజీవులను ప్రత్యక్షముగా చూచి చిత్రించినవాడు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై కందకములలో గూర్చుండియు గీయుట మానలేదు. విషయము చిత్రశాలలో దొరకదనియు, చిత్రకారుడే దానియొద్దకు నడచి పోవలయుననియు ఆయన జీవితమే శిష్యులకు పాఠము. చేతిలో పుస్తకము, జేబులో పెన్సిలు, ఎదుట బ్రతుకు: బాక్ గురువునొద్ద గ్రహించిన సంపద యిదియే. మన రాజమహేంద్రవరమున ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహమున దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి యువకులు తమ చుట్టునున్న గోదావరీసీమను చూచుట నేర్చుకొనిన ఘట్టము తెలుగువారి కిచ్చట జ్ఞప్తికి రాకమానదు. రెండుచోట్లను గురువు చేసినది శైలిని నేర్పుట కాదు, చూపును తెరచుట.

1948లో బాక్ కెనడా చేరెను. ఉత్తరప్రత్యుత్తరముల మూలమున పరిచితురాలైన గిలేన్ పాకెన్ అను నుపాధ్యాయురాలిని పరిణయమాడి మాంట్రియల్ నగరమున స్థిరపడెను. క్రొత్త దేశమున నాతడు పరాయివాడు. పరాయివాని కన్ను స్థానికులకు కనబడనిదానిని చూచును. క్విబెక్ పల్లెలలోని కొయ్య యిండ్లు, కంచెలు, పొయ్యిచుట్టు చేరిన సంసారములు అచ్చటివారికి నిత్యమై కంటి కానక యుండెను. బాక్ చేయి వానిని పట్టుకొనెను. ముప్పది సంవత్సరముల పిదప ఆతని చిత్రములలో కానవచ్చు కుర్చీలును, మంచుబండ్లును, పెండ్లి నాట్యములును ఇట్టి పరిశీలనకు ఫలములే.

1952లో టెలివిజన్ ప్రారంభమైనప్పుడు ఆతడు రేడియో కెనడా సంస్థయందు చేరెను. శీర్షికల వ్రాతలు, బొమ్మలు, నమూనాలు, ఏ పూటకు కావలసిన దా పూటకు సిద్ధము చేయుట యాతని యుద్యోగము. కళాకారులు పలువురు ఇట్టి పనిని వెట్టిచాకిరి యని యీసడింతురు. బాక్ విషయమున నదియే సాధనాశాల యయ్యెను. త్వరగా, స్పష్టముగా, అనావశ్యక మొక్కటియు లేకుండ గీయవలసిన నిర్బంధము గీతకు పొదుపు నేర్పెను.

1967లో మాంట్రియల్ భూగర్భ రైలుమార్గమందలి ప్లాస్ దే జార్ స్టేషనులో ఆ నగర సంగీతచరిత్రను గాజుపై చిత్రించి, వెనుకనుండి దీపకాంతి ప్రసరించునట్లు నిర్మించెను. ఈ పనిని ఆతని చలనచిత్రములనుండి వేరుచేసి చూచుట పొరపాటు. కాంతి రంగుపై బడుట యొకటి, రంగులోనుండి వచ్చుట మరియొకటి. ఈ భేదము తెలుగువారికి చిరపరిచితము. మన తోలుబొమ్మకు రెండువైపులను రంగు వేయుదురు. తెల్లని తెరవెనుక దీపము వెలుగగా బొమ్మ తనలోనుండియే ప్రకాశించును. అనంతపురపు సీమలో నిమ్మలకుంట గ్రామమున నీ విద్యను నిలుపుకొన్న కుటుంబములవారు ఇంట మరాఠీ మాటాడుచు ఆటలో తెలుగు పలుకుదురు. కళకు ఇల్లొకటి, భాష యొకటి కావచ్చునని వారి బ్రతుకు చాటుచున్నది. బాక్ కథయు నట్టిదే.

1968లో హ్యూబర్ట్ టిసాన్ నాయకత్వమున రేడియో కెనడాలో యానిమేషన్ శాఖ యేర్పడెను. అందు బాక్ 'అబ్రకదబ్ర' (1970) మొదలుగా బాలల చిత్రములు నిర్మించెను. 'తరతతా' (1977), 'తూ రియెన్' (1978) అను వాని పిదప 'క్రాక్!' (1981), 'చెట్లు నాటిన మనిషి' (1987), 'మహానది' యని చెప్పదగిన 'ల ఫ్లవ్ ఓ గ్రాండ్ ఓ' (1993) వెలువడినవి. 'క్రాక్!', 'చెట్లు నాటిన మనిషి' అను రెండును ఆస్కారు బహుమతి పొందినవి.

ఆతని ప్రౌఢకృతుల నిర్మాణపద్ధతి మిక్కిలి సరళము, మిక్కిలి కష్టము. గరుకుపొర గల సెల్లు పలకను తీసికొని, దానిపై రంగు పెన్సిళ్లతో నేరుగా గీసెడివాడు. గీయుటయు రంగు వేయుటయు నొకే చేయి, ఒకే క్షణము. దిద్దువారు లేరు, నింపువారు లేరు. అందుచే స్కెచ్చిపుస్తకమందలి గీత ఏ మధ్యవర్తియు లేక తెరను చేరెను. ఒక చట్రమునకును మరియొక చట్రమునకును గీతలు సరిగా కుదురక కొంచెము కంపించుచుండును. పరిశ్రమలో నిది దోషము. బాక్ చిత్రములో నది యూపిరి. నిలుచున్న గొర్రెల కాపరియు, కదలని కొండయు గూడ తెరపై శ్వాసించుచున్నట్లు తోచుటకు ఈ కంపమే కారణము.

ఈ పద్ధతికి ఆతడు చెల్లించిన మూల్యము స్వల్పము గాదు. 'క్రాక్!' నిర్మాణకాలమున, పెన్సిలు రంగు చెరగకుండ చల్లు ద్రావకమువలన నాతని కొక కంటిచూపు పోయెను. పిదప 'చెట్లు నాటిన మనిషి'ని ఒంటికంటితోనే పూర్తి చేసెను. ముప్పది నిమిషముల ఆ చిత్రమున 43,200 చట్రములు, అందుకు సుమారు 20,000 బొమ్మలు, పట్టిన కాలము సుమారు ఐదేండ్లు, సహాయకులు అత్యల్పులు. ఒక్క దినమైనను విడువక లెక్కించినచో దినమునకు 11 బొమ్మలు. ఈ యంకె చూచుటకు పెద్దది కాదు. ఐదేండ్లు తప్పక సాగుటయే దాని మహిమ. ప్రతిభ యనగా నొక మెరుపని భావించువారు ఈ 11 అను నంకెను మననము చేయవలయును.

'క్రాక్!' ఒక ఊగుడుకుర్చీ కథ. రైతొకడు చెట్టు నరికి కుర్చీ చేయును. పెండ్లి జరుగును, బిడ్డలు పుట్టుదురు, వారి యాటలో కుర్చీ క్షణమునకొక రూపము దాల్చును. విరిగినప్పుడు బాగుచేయుదురు, రంగు వేయుదురు. పల్లె నగరమగును. కుర్చీ చెత్తపాలగును. ఆధునిక చిత్రశాలలో కాపలాదారుడొకడు దానిని తెచ్చుకొని తాను కూర్చుండుటకు వాడుకొనును. చిత్రములను చూడవచ్చిన పిల్లలు కుర్చీచుట్టు మూగుదురు. రాత్రివేళ గోడమీది చిత్రములు దిగివచ్చి నాట్యమాడును. పదునైదు నిమిషముల యీ చిత్రమున సంభాషణ లేదు. నార్మన్ రోజే కూర్చిన సంగీతమే మాట. దృశ్యము మారవలసినచోట కత్తిరింపునకు బదులు తరచుగా రూపాంతరము కలదు. ఒక యాకారము కరిగి మరియొకటి యగును. ఇది కేవలము చమత్కారము కాదు. కాలము కోతలుగా గడువదు, ఒకదానిలోనికొకటి జారును అను ననుభవమును గీత తెలుపుచున్నది.

ఇచ్చట విమర్శకుడు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. కుర్చీ ప్రదర్శనశాలను చేరెనేగాని ప్రదర్శనవస్తువు కాలేదు. దానికి గాజుపెట్టె లేదు, చీటీ లేదు. ఒక మనిషి దానిలో కూర్చుండెను గనుక నది బ్రతికెను. గతమును ప్రేమించు కళాకృతులు పెక్కు గతమునకు సమాధి కట్టుచుండగా, బాక్ దానికి ఆసనమర్యాద నిచ్చెను.

'చెట్లు నాటిన మనిషి' ఫ్రెంచి రచయిత ఝాన్ జియోనో 1953లో వ్రాసిన కథ కనుసరణము. ఎల్జెయార్ బూఫియే అను కాపరి బీడుపడిన కొండలలో నొంటరిగా నివసించుచు, ప్రతిరాత్రియు సింధూరపు గింజలను ఏరి, మంచివి 100 మాత్రమే యెంచి, మరునాడు నాటును. మూడేండ్లలో లక్ష గింజలు నాటగా 20,000 మొలకెత్తెను; అందు సగము పోవునని యాతడే లెక్కవేసికొనెను. ఆతడు నిజమైన మనిషియని పలువురు నమ్మినను, వాస్తవమునకు జియోనో కల్పించిన పాత్ర. ఈ కథయందు బాక్ తన దినచర్యనే చూచుకొనెనని చెప్పిన నతిశయోక్తి కాదు. వెయ్యి గీతలు గీసి పనికివచ్చినవి యేరుట, ఫలము నేడు కనబడదని తెలిసియు రేపటికి పని మిగుల్చుకొనుట, ఒంటరితనమును భారముగా గాక నిదానముగా స్వీకరించుట: కాపరికిని చిత్రకారునికిని ఇవి సమానధర్మములు. బాక్ స్వయముగా గూడ తన పొలమున వేలకొలది చెట్లు నాటెను. చిత్రము ప్రథమార్ధము గోధుమవర్ణమున, గాలియు దుమ్మును దప్ప మరేమియు లేనట్లు గీయబడినది. నీరు వచ్చినకొలది రంగు వచ్చును. రంగును అలంకారముగా గాక కథాఫలముగా నుపయోగించుట ఉత్తమశిల్పము.

అయినను ఆతని కృతులు నిర్దోషములని చెప్పుట విమర్శ కాజాలదు. 'చెట్లు నాటిన మనిషి' యుత్తరార్ధమున వనమును ప్రజలను నింపు పచ్చదనము ఒక్కొక్కచో తీపి మితిమీరినది. ప్రథమార్ధమందలి రూక్షత యిచ్చిన నమ్మకమును ఈ తీపి కొంత సడలించుచున్నది. కాపరి ముఖము ఋషిముఖమైపోయెను. స్కెచ్చిపుస్తకము పట్టుకొనదగిన ముడుత, విసుగు, మొండితనము అందు తక్కువ. మనిషిని పూజించినప్పుడు చూచుట తగ్గును. 'మహానది'లో నీ లోపము మరింత ప్రస్ఫుటము. సెయింట్ లారెన్స్ నదీచరిత్రను, మానవుని దురాశవలన దాని జీవరాశికి గలిగిన నాశమును 24 నిమిషములలో చెప్పబూనుటచే వ్యాఖ్యానము గీతను మించిపోయినది. తిమింగిలములును, పక్షులును, చేపలగుంపులును గీసినచోట చేయి స్వేచ్ఛగా పలికినది, ఉపదేశించినచోట అలసినది. 'క్రాక్!' మాట లేకయే యెంత చెప్పెనో తలచినచో ఈ తారతమ్యము విశదమగును. పరిశీలన ముందు, ప్రబోధము తరువాత నున్నంతకాలమే బాక్ మహాకళాకారుడు.

ఒంటరి చేతి యీ మార్గము ఇతరులకు పనికివచ్చునా యను నాక్షేపము కలదు. ఐదేండ్లకు ముప్పది నిమిషములు అనుట యే పరిశ్రమకును సాధ్యము కాదు. సంస్థ యొకటి జీతమిచ్చి యోపికపట్టినందుననే బాక్ అట్లు పనిచేయగలిగెను. ఇది నిజమే. కాని మార్గము నంతను అనుసరింపకయే దాని సారమును గ్రహింపవచ్చును. జపాను దర్శకుడు ఇసావో తకాహాతా 1990లో 'చెట్లు నాటిన మనిషి'ని గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమే వ్రాసెను. 2013లో వెలువడిన ఆయన 'రాకుమారి కాగుయా కథ'లో పూర్తిగా నింపని గీత, విడిచిన తెల్లని కాగితము, బొగ్గువంటి రేఖ పెద్ద చిత్రశాలలోను సాధ్యములని రుజువైనది. ఆ సంవత్సరమే డిసెంబరు 24వ తేదీన బాక్ మాంట్రియల్‌లో దివంగతుడయ్యెను. తెలుగువారిలో నరసాపురమున జన్మించి చెన్నపట్టణమున స్థిరపడిన బాపు (1933–2014) తన చలనచిత్రముల దృశ్యములను ముందుగా బొమ్మలుగా వ్రాసికొనెడివాడు. ఆ చిత్రములందు నటులు నిలుచు తీరులో, చట్రము కూర్పులో ఆ గీత కానవచ్చును. మార్గములు వేరైనను, గీత చిత్రమునకు ముందుమాట కాదు, ప్రాణము అను విశ్వాస మిరువురికిని సమానము.

ఇక నీ విషయము ప్రవాసాంధ్రుల కెట్లు వర్తించును? తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్రములు భద్రముగానున్నవి. అది గొప్ప భాగ్యము. అయితే అచ్చటికి చేరువనే మెలట్టూరు గ్రామమున, వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు భాగవతమేళ నాటకములను నృసింహజయంతి వేళ నేటికిని ఆడుచున్నారు. తాళపత్రము దాచిన కుర్చీ. నాటకము కూర్చుండు కుర్చీ. రెండును కావలయును; కాని రెండవది లేనిచో మొదటిదానిని చదువువారు కరవగుదురు. కర్ణాటకమునను, ఒడిశాలోను, మహారాష్ట్రమునను, యానామునను తరతరములుగా నున్న తెలుగిండ్లలో తిరుగలియు, ఉట్టియు, పెండ్లిపీటయు, వానితో ముడిపడిన మాటలును నొక్కొక్కటిగా మూలబడుచున్నవి. వానిని పెద్ద కళాఖండములుగా మలచువారు వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ఇంటిలోని పిల్లవాడు అవ్వ కూర్చున్న తీరును ఒక పుస్తకమున గీసి, ఆమె యా వస్తువును పిలిచిన పేరును క్రింద వ్రాసినచో, మెయో శిష్యునికి నేర్పిన పాఠము తెలుగింట ప్రవేశించినట్లే.

బాక్ వదలిపోయిన చిత్రముల నన్నిటిని కలిపినను కొన్ని గంటలలో చూచి ముగింపవచ్చును. వాని వెనుకనున్న నిత్యసాధన జీవితకాలమంత పొడవైనది. కాపరి గింజలను లెక్కించినట్లు ఆతడు గీతలను లెక్కించుకొనుచు బ్రతికెను. వనము పిదప వచ్చెను.